వెలుగు చెబితే... ప్లాస్టిక్ వింటుంది!

పంటి డాక్టరు చేతిలో మెరిసే నీలం లైటు... పొర మీద పొర పేర్చి వస్తువులు చేసే 3డీ ప్రింటరు... కంటి కార్నియా సాగిపోకుండా ఆపే చికిత్స... పైకి ఒకదానితో ఒకదానికి సంబంధం లేనివే. కానీ మూడింట్లోనూ పని చేసేది వెలుగే. మెత్తటిదాన్ని గట్టిపరిచేది అదే. వెలుగుతో గట్టిపరచడం మనిషికి 200 ఏళ్లుగా తెలుసు. కావాల్సిన చోట, కావాల్సిన క్షణాన ఆపడం, ఆపినదాన్ని మళ్లీ కదిలించడం... అదే మొన్నమొన్నటిదాకా చేతకాలేదు!

పన్ను పుచ్చిపోయింది. డాక్టరమ్మ పుచ్చంతా గీకేసి, ఆ గుంతలో పంటి రంగులోనే ఉన్న ముద్దను కూరారు. అటు నొక్కి, ఇటు చెక్కి, పై పన్నుకీ కింది పన్నుకీ కుదిరేలా మలిచారు. ఆవిడకి తొందరేం లేదు. మేస్త్రీ కలిపిన సిమెంటులా ఈలోపే గడ్డకట్టేస్తుందన్న బెంగ లేదు. అంతా సరిగ్గా ఉందనుకున్నాక పెన్నులాంటి పరికరాన్ని నోట్లో పెట్టి మీట నొక్కారు. నీలం వెలుగు. 20 సెకన్లు. అంతే... ముద్ద కాస్తా రాయిలా గట్టిపడింది!

మన ఊళ్లలో పంటి ఆసుపత్రుల్లో రోజూ జరిగే పనే ఇది. కానీ ఆలోచిస్తే చిత్రమే. ఆ ముద్దను గట్టిపరిచింది వేడి కాదు, గాలి కాదు... వెలుగు. అదీ ఏ వెలుగు పడితే ఆ వెలుగు కాదు. ముద్దలో కాంఫర్‌క్వినోన్ అనే పసుపుపచ్చటి పదార్థం రవ్వంత కలిపి ఉంటుంది. 470 నానోమీటర్ల దగ్గరుండే నీలం వెలుగంటే దానికి మహా ఇష్టం. ఆ వెలుగును పీల్చుకుని పక్కనున్న అణువులను రెచ్చగొడుతుంది. అక్కణ్నుంచి గట్టిపడటం మొదలు. లైటు వేసినప్పుడు డాక్టర్లు నారింజరంగు అద్దంలోంచి చూడటం గమనించారా? నారింజరంగు అద్దం నీలం వెలుగును ఆపేస్తుంది. తదేకంగా చూస్తే ఆ వెలుగు కంటికి మంచిది కాదు మరి.

గుంత లోతుగా ఉంటే ముద్దనంతా ఒకేసారి కూరరు. మామూలు రకమైతే సుమారు 2 మిల్లీమీటర్ల చొప్పున పొరలు పొరలుగా నింపి, ప్రతి పొరకీ లైటు చూపిస్తారు. లోపలికి వెళ్లేకొద్దీ వెలుగు పలచబడిపోతుంది. పైన గట్టిపడి అడుగున పచ్చిగా మిగిలితే ఆ ఫిల్లింగు ఎక్కువకాలం నిలవదు. 1970ల మొదట్లో ఈ పనికి అతినీలలోహిత కాంతి వాడేవారు. అది అంత లోతుకి వెళ్లేది కాదు, పైగా కంటికీ చర్మానికీ ప్రమాదం. నీలం వెలుగు వచ్చాక అది పక్కకి తప్పుకుంది.

ఇంజిను దొరికితే రైలే!

బకెట్టు, పాలిథిన్ సంచి, హెల్మెట్టు, పంటి ఫిల్లింగు... అన్నీ పాలిమర్లే. మోనోమర్లనే చిన్న చిన్న అణువులు వందలూ వేలూ ఒకదానికొకటి తగులుకుంటే వచ్చే పొడవాటి గొలుసే పాలిమర్. రైలు బోగీలనుకోండి. యార్డులో బోగీలన్నీ విడివిడిగా నిలబడి ఉన్నాయి. ఎవరో ఒక ఇంజిన్ని వదిలారు. అది ఒక బోగీని తగిలించుకుంది. తర్వాత ఇంకోటి, ఆపైన మరోటి... రసాయన శాస్త్రంలో ఆ ఇంజిను పేరు ఫ్రీ రాడికల్. జత కోసం తహతహలాడే ఒంటరి ఎలక్ట్రాన్ ఉన్న అణువన్నమాట. రెప్పపాటులో వందల బోగీలు తగిలించేసుకుంటుంది.

ఫ్యాక్టరీల్లో ఈ ఇంజిన్లను పుట్టించేది ఎక్కువగా వేడి. చిక్కంతా అక్కడే. పాత్ర వేడెక్కితే మూలమూలనా ఇంజిన్లు పుడతాయి. ఈ మూల వద్దు, ఆ మూల చాలు అంటే వేడి వినదు. గొలుసులు తయారవుతుంటే మరింత వేడి పుడుతుంది. మంట ఆర్పేసినా పాత్ర వెంటనే చల్లారదు. అదుపు తప్పితే రియాక్టరే పేలిపోవచ్చు.

వెలుగు అలా కాదు. సూదిమొనంత చోట మాత్రమే పడేలా చేయొచ్చు. మీట నొక్కితే వస్తుంది, మళ్లీ నొక్కితే పోతుంది. రంగు మార్చొచ్చు, జోరు తగ్గించొచ్చు. వేడి ఊరంతటికీ వేసే దండోరా అయితే, వెలుగు ఒకరి చెవిలో చెప్పే మాట.

అయితే ఇక్కడో మెలిక ఉంది. లైటు ఆర్పితే కొత్త ఇంజిన్లు పుట్టవు, నిజమే. అప్పటికే పరుగెడుతున్నవి ఒకదాన్నొకటి గుద్దుకుని చచ్చిపోతాయి. కానీ చచ్చిన ఇంజిను మళ్లీ లేవదు. సగంలో ఆగిన రైలుకి ఇంకో నాలుగు బోగీలు తగిలిద్దామంటే కుదరదు. మళ్లీ లైటు వేస్తే బయల్దేరేవి కొత్త రైళ్లే. ఈ మెలికను విప్పడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ కథకి ముందు చెప్పుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి.

కిటికీలోంచి...

ఫ్రాన్స్‌లో నిసెఫోర్ నియెప్స్ అనే ఆయన 1826-27 ప్రాంతంలో ఓ పని చేశారు. జుడియా బిటుమెన్ అనే ఒక రకం తారును లావెండర్ నూనెలో కరిగించి, లోహపు పలక మీద పల్చగా పూశారు. ఆ పలకను కెమెరాలో పెట్టి, తన ఇంటి మేడ కిటికీలోంచి కనిపించే దృశ్యం వైపు తిప్పారు. గంటలు గడిచాయి. కొన్ని రోజులే పట్టి ఉంటుందన్నవారూ ఉన్నారు. వెలుగు పడిన చోట తారు గట్టిపడింది. పడని చోట మెత్తగానే ఉండి, కడిగితే పోయింది. మిగిలిందే కెమెరాతో తీసినవాటిలో నేటికీ నిలిచి ఉన్న అతి పాత ఫొటో! అమెరికాలోని ఆస్టిన్‌లో, టెక్సాస్ యూనివర్సిటీ హ్యారీ రాన్సమ్ సెంటర్లో ఇప్పటికీ ఉందది.

వెలుగు పడిన చోటికీ పడని చోటికీ తేడా తేవడమనే ఈ సూత్రమే తర్వాత అచ్చు పలకల్లోకి, సర్క్యూట్ బోర్డుల్లోకి, కంప్యూటర్ చిప్పుల్లోకి పాకింది. సెల్‌ఫోన్లోని చిప్పు మీద సన్నటి గీతలు గీయడానికి వాడే ఫొటోరెసిస్టు కూడా వెలుగు సోకితే స్వభావం మారిపోయే పాలిమరే. అదో పెద్ద కథ. ఇక్కడ వద్దు.

రాత్రిపూట పుట్టిన కప్పు

1980ల మొదట్లో కాలిఫోర్నియాలో చక్ హల్ అనే ఇంజినీరు అతినీలలోహిత దీపాలు తయారుచేసే ఓ చిన్న కంపెనీలో పనిచేసేవారు. బల్లల పైపూతను గట్టిపరచడానికి ఆ దీపాలు వాడేవారు. ద్రవం పూసి దీపం కింద పెడితే చాలు, క్షణాల్లో ప్లాస్టిక్ పొర తయారు. ఆ రోజుల్లో ఏ యంత్రానికైనా కొత్త ప్లాస్టిక్ భాగం నమూనా కావాలంటే అచ్చు తయారుచేయించి, పోతపోయించి తెచ్చుకునేసరికి వారాలు గడిచిపోయేవి. తీరా వచ్చాక ఎక్కడో కొలత తేడా. మళ్లీ మొదటికి!

ఒక పొర గట్టిపడినప్పుడు దాని మీద మరో పొర, ఆపైన ఇంకో పొర పేరిస్తే... ఏ ఆకారమైనా రావాలి కదా అనుకున్నారు హల్. కంపెనీ వాళ్లు కాదనలేదు కానీ, పగటి పని పగటిదే. ఈ సరదా రాత్రుళ్లూ సెలవురోజుల్లోనూ తీర్చుకోమన్నారు. నెలల తరబడి తంటాలు పడ్డాక 1983 మార్చి 9 రాత్రి చేతికొచ్చింది ఓ చిన్న ప్లాస్టిక్ కప్పు. కన్ను కడుక్కోవడానికి వాడే రకం. అప్పటికప్పుడు ఇంటికి ఫోన్ చేసి భార్యను ల్యాబుకి రప్పించుకుని మరీ చూపించారాయన. 3డీ ప్రింటింగుగా ఇవాళ ప్రపంచానికి తెలిసిన విద్య అలా మొదలైంది. 1984 ఆగస్టులో పేటెంటుకి దరఖాస్తు చేశారు, 1986 మార్చిలో వచ్చింది. అదే ఏడాది 3డీ సిస్టమ్స్ కంపెనీ పెట్టారు.

విచిత్రమేమిటంటే ఈ ఆలోచన ఆయనొక్కరిదే కాదు. జపాన్‌లోని నగోయాలో హిడియో కొడామా 1980లోనే ఇలాంటి పద్ధతికి దరఖాస్తు పెట్టారు. పేటెంటు మాత్రం చేతికి రాలేదు. ఫ్రాన్స్‌లో ముగ్గురు పరిశోధకులైతే హల్ కన్నా మూడు వారాల ముందే, 1984 జులైలో, దరఖాస్తు చేశారు. ‘దీంతో వ్యాపారమేం సాగుతుంది’ అనుకుని వాళ్ల సంస్థ దాన్ని గాలికొదిలేసింది. తర్వాత ఎంత నాలుక కరుచుకుందో!

ఇళ్లలో, కాలేజీల్లో కనిపించే చవక 3డీ ప్రింటర్లు ప్లాస్టిక్ తీగను కరిగించి పేరుస్తాయి. అది వేరు. హల్ పద్ధతిలో తొట్టి నిండా ద్రవమే. లేజర్ దాని మీద బొమ్మ గీస్తుంది. గీసినంత మేరా గట్టిపడుతుంది. పీట వెంట్రుకవాసి కిందికి దిగుతుంది. మళ్లీ గీత. ఇందులోనూ అసలు తలనొప్పి ఆపడమే. పక్కలకి ఎక్కడిదాకా గట్టిపడాలో లేజర్ చూసుకుంటుంది. మరి లోతు సంగతి? వెలుగు ఓ పొరతో ఆగకుండా కిందికి దిగిపోతే సందులూ రంధ్రాలూ పూడుకుపోతాయి. అందుకే వెలుగును పీల్చేసే పదార్థాన్ని ద్రవంలో కొలిచి కలుపుతారు. అది కాపలాదారు. ఇక్కడిదాకానే అంటుంది.

ఇంకో కాపలాదారు మనం పీల్చే గాలిలోనే ఉంది... ఆక్సిజన్. రాడికల్ కనిపిస్తే చాలు, దాన్ని పట్టుకుని పనికిరాకుండా చేస్తుంది. పంటి ఫిల్లింగు మీద లైటు వేశాక కూడా పైన పల్చగా జిగురు మిగిలేది అందుకే. దశాబ్దాలపాటు దాన్ని శత్రువనే తిట్టుకున్నారు. అప్పట్లో నార్త్ కరోలినా యూనివర్సిటీలో రసాయన శాస్త్రం చెప్పిన జోసెఫ్ డిసిమోన్ మాత్రం దాన్నే పనిలో పెట్టుకున్నారు. తొట్టి అడుగున ఆక్సిజన్‌ను లోపలికి రానిచ్చే కిటికీ అమర్చారు. వెలుగు వచ్చేదీ అందులోంచే. కిటికీని ఆనుకుని వెంట్రుక కన్నా సన్నటి పొర ఎప్పుడూ ద్రవంగానే ఉంటుంది. అందుకని గట్టిపడింది కిటికీకి అంటుకోదు. పొరపొరకీ పీకాల్సిన పని లేదు. ద్రవంలోంచి వస్తువు ఆగకుండా పైకి లేస్తూనే ఉంటుంది! 2015లో ‘సైన్స్’ పత్రికలో ఈ పద్ధతి వెలువడింది. ‘టెర్మినేటర్ 2’ సినిమాలో లోహపు మడుగులోంచి మనిషి లేచే దృశ్యమే తమకు ప్రేరణ అని డిసిమోన్ చెప్పుకున్నారు. ఆయన కంపెనీ కార్బన్‌తో కలిసి 2017లో అడిడాస్ ఈ పద్ధతిలో చేసిన బూటు అడుగుల్ని చూపించింది.

గోళ్ల మీద పచ్చి

వెలుగు సరిపోకపోతే ఏమవుతుందో తెలియాలంటే బ్యూటీపార్లర్‌కి వెళ్లాలి. జెల్ నెయిల్ పాలిష్ పూసి, చేతిని చిన్న దీపం కింద పెట్టిస్తారు కదా, అదీ ఈ విద్యే. ఒక్కో జెల్‌కీ దానికి నప్పే వెలుగు ఒకటుంటుంది. ఆన్‌లైన్లో ఒక కంపెనీ జెల్, ఇంకో కంపెనీ దీపం కొని ఇంట్లోనే పని కానిచ్చేస్తే పైన మెరుస్తుంది, లోపల పచ్చిగా ఉండిపోవచ్చు. ఆ పచ్చి మోనోమర్ చర్మానికి తగిలితే కొందరికి అలర్జీ వస్తుంది. గోళ్ల దగ్గర దద్దుర్లతో పోతే ఫర్వాలేదు. అదే కుటుంబానికి చెందిన పదార్థాలు పంటి ఫిల్లింగులోనూ, కీళ్ల ఆపరేషన్లో వాడే సిమెంటులోనూ ఉంటాయి. ఒకసారి పట్టుకున్న అలర్జీ ఎప్పుడో ఆసుపత్రి బల్ల మీద అడ్డం తిరగొచ్చు. బ్రిటన్‌లోని చర్మవైద్యుల సంఘం 2018లోనే ఈ విషయమై హెచ్చరించింది. ఇలాంటి జెల్స్‌లో వెలుగును పీల్చుకోవడానికి కలిపే టీపీవో అనే పదార్థాన్ని 2025 సెప్టెంబరు 1 నుంచి సౌందర్య సాధనాల్లో వాడకూడదని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. సంతానోత్పత్తికి హాని చేసే పదార్థాల జాబితాలో అది చేరడమే కారణం.

400 మైక్రాన్ల లక్ష్మణరేఖ

ప్లాస్టిక్ మాట కాసేపు పక్కన పెడదాం. మన ఒంట్లోనూ పాలిమర్లున్నాయి. కంటి ముందుండే పారదర్శకమైన పొర... కార్నియాను నిలబెట్టేది కొలాజెన్ అనే సహజ పాలిమరే. కొందరికి యుక్తవయసులో ఆ పొర బలహీనపడి, పల్చబడి, శంకువులా ముందుకి పొడుచుకొస్తుంది. కెరటోకోనస్ అంటారు. అద్దాల నంబరు ఊరికే మారిపోతుంటుంది. ఎలర్జీతో కళ్లు అదేపనిగా నులుముకునే పిల్లల్లో ముప్పు ఎక్కువ. ముదిరితే కార్నియా మార్పిడే దిక్కు.

జర్మనీలోని డ్రెస్‌డెన్‌లో థియో సైలర్, ఎబర్‌హార్డ్ స్పోర్ల్, గ్రెగర్ వోలెన్‌సాక్ దీనికి వెలుగుతో మందు కనిపెట్టారు. కార్నియా పైపొర తీసి, రైబోఫ్లేవిన్ చుక్కలు వేస్తారు. అంటే మరేం కాదు, బీ2 విటమినే. తర్వాత అతినీలలోహిత కాంతిని 30 నిమిషాలు చూపిస్తారు. వెలుగు సోకిన రైబోఫ్లేవిన్ కొలాజెన్ గొలుసుల మధ్య కొత్త ముడులు పడేలా చేస్తుంది. సాగిపోతున్న పొర బిగుస్తుంది. ఇక్కడ ఆక్సిజన్ శత్రువు కాదు, తోడు ఉండాల్సిందే. 2003లో వెలువడిన వాళ్ల తొలి అధ్యయనంలో చికిత్స చేసిన 23 కళ్లలోనూ వ్యాధి ముదరడం ఆగింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో అనుమతించింది. హైదరాబాద్‌లోని ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలోనూ ఈ చికిత్స చేస్తున్నారు.

కార్నియా వెనకవైపు ఒకే ఒక్క వరస కణాలుంటాయి. పొరను తేటగా ఉంచేవి అవే. చచ్చిపోతే మళ్లీ పుట్టవు. వెలుగు వాటిదాకా వెళితే చూపు కోసం చేసిన చికిత్సే చూపుకి ముప్పు. కాబట్టి తొలి పద్ధతిలో కార్నియా మందం కనీసం 400 మైక్రాన్లు ఉండాలని నియమం పెట్టారు. మిల్లీమీటరులో సగం కూడా కాదు! కాపలాకి మళ్లీ రైబోఫ్లేవినే. ముడులు వేయించేదీ, వెలుగును పీల్చేసి వెనక్కి పోకుండా ఆపేదీ కూడా అదే. పోయిన చూపును ఈ చికిత్స తెచ్చివ్వదు. ఉన్నది పోకుండా ఆపుతుంది. అందుకే ఎంత తొందరగా గుర్తిస్తే అంత మేలు.

నిద్రపుచ్చి... లేపి...

ఇప్పుడు ఇందాకటి మెలిక దగ్గరికి వద్దాం. చచ్చిన ఇంజిను లేవదు. మరి చంపకుండా నిద్రపుచ్చితే?

గొలుసులు చావకుండా ‘బతికే’ ఉండేలా చేయొచ్చని మైకేల్ ష్వార్ట్స్ 1956లో అమెరికాలో నిరూపించారు. కాకపోతే ఆయన ఇంజిన్లు రాడికల్స్ కావు. తడి తగిలినా గాలి తగిలినా పాడైపోయే సుకుమారాలు. మొండివైన రాడికల్స్‌తోనే ఆ పని చేయించడానికి 1990లు రావాల్సి వచ్చింది. 1995లో అమెరికాలో మాటియాషెవ్‌స్కీ, జపాన్‌లో సవామొటో రాగి, రుథేనియం లాంటి లోహాల సాయంతో ఓ దారి చూపించారు. 1998లో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్‌వో నుంచి ర్యాఫ్ట్ అనే మరో పద్ధతి వచ్చింది. దాన్ని కనిపెట్టినవారిలో ఒకరైన సాన్ థాంగ్ వియత్నాం నుంచి శరణార్థిగా ఆ దేశం చేరినాయన.

కిటుకు ఒకటే. ప్రతి ఇంజినుకీ ఓ మూత. మూత ఉన్నంతసేపూ నిద్ర. తీసినప్పుడు ఒకట్రెండు బోగీలు తగిలించుకుని మళ్లీ నిద్ర. అన్ని రైళ్లూ కాస్త కాస్తగా, సమానంగా పెరుగుతాయి. ఒకటి వెయ్యి బోగీలు, ఇంకోటి పది బోగీలు అనే అడ్డదిడ్డం ఉండదు. సగం దారిలో బోగీల రకమే మార్చేయొచ్చు. ముందు భాగం నీళ్లంటే ఇష్టపడేది, వెనక భాగం నీళ్లంటే పారిపోయేది తగిలిస్తే... నీళ్లలో వేయగానే తమంతట తామే గోళీల్లా చుట్టుకుంటాయి. ఒంట్లోకి మందు మోసుకెళ్లే నానో రేణువుల పరిశోధనలో వీటికి అంత గిరాకీ అందుకే.

ఆ మూత తీసే పనిని 2012లో వెలుగు చేతికిచ్చారు బ్రెట్ ఫోర్స్, క్రెయిగ్ హాకర్. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటాబార్బరా క్యాంపస్‌లో జరిగిందిది. ఇరిడియం ఉన్న ఒక పదార్థాన్ని మోనోమర్‌కి కలిపారు. ఎంత? పది లక్షల్లో 50 పాళ్లు! కంటికి కనిపించే మామూలు వెలుగు పడితే అది మేలుకుని మూతలు తీస్తుంది. లైటు ఆర్పగానే మూతలు పడిపోతాయి. లైటు వేశారు, గొలుసులు పెరిగాయి. ఆర్పారు, ఆగిపోయాయి. మళ్లీ వేశారు... ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలు! గ్రాఫు గీస్తే అచ్చం మెట్లలా వచ్చింది. వెలుగులో ఎక్కుడు, చీకట్లో నడక. ఆ మరుసటి ఏడాది హాకర్ బృందం మరో తమాషా చేసింది. ఒక పలక మీద గడ్డిలా గొలుసుల్ని మొలిపించి, ఒక్కో చోట ఒక్కో మోతాదులో వెలుగు పడేలా చేసింది. ఎక్కువ వెలుగు పడినచోట గడ్డి ఎత్తుగా, తక్కువ పడినచోట పొట్టిగా పెరిగింది. అచ్చులూ ఉలులూ లేకుండా నానోమీటర్ల ఎత్తుల్లో కొండలూ లోయలూ!

ఇరిడియం ఖరీదైన లోహం. మందుల్లో లోహపు అవశేషాలు మిగలకూడదు కూడా. 2014లో లోహమే లేని పదార్థంతో హాకర్ బృందం అదే పని చేయించింది. అదే ఏడాది సిడ్నీలోని న్యూసౌత్‌వేల్స్ యూనివర్సిటీలో సిరిల్ బోయర్ బృందం ర్యాఫ్ట్‌కి వెలుగును జతచేసింది. తర్వాతి ఏడాది వాళ్లు వాడిన ఉత్ప్రేరకం వింటే ఆశ్చర్యపోతారు... క్లోరోఫిల్! ఆకుకి పచ్చదనమిచ్చేదే. ఎండను పట్టి ఎలక్ట్రాన్‌ను పక్కవాడి చేతిలో పెట్టడం దానికి యుగాల నాటి విద్య. ఆకులో పిండిపదార్థం కోసం చేసేపనిని ఇక్కడ పాలిమర్ కోసం చేసింది. బోయర్ పద్ధతులకి ఇంకో సుగుణం... అక్కడున్న ఆక్సిజన్‌ను వెలుగుతోనే ఖర్చుపెట్టించి, ఆనక పని మొదలుపెట్టగలవు. గాలి చొరబడకుండా పాత్రను బిగించాల్సిన శ్రమ చాలావరకు తప్పుతుంది.

క్లోరోఫిల్ ఎరుపు వెలుగుతోనూ పనిచేస్తుంది. అది చిన్న విషయం కాదు. చీకట్లో టార్చిలైటు మీద అరచెయ్యి పెట్టి చూడండి. వేళ్లు ఎర్రగా మెరుస్తాయి. నీలం, ఆకుపచ్చ రంగులు కండలోనే ఆగిపోతే, ఎరుపు మాత్రం దాటి వస్తుంది. దాన్ని మించి లోతుకి వెళ్లేది కంటికి కనిపించని సమీప పరారుణ కాంతి. దాంతోనూ గొలుసులు కట్టొచ్చని 2016లో బోయర్ బృందం చూపించింది. కోత లేకుండా చర్మం కిందే పాలిమర్ తయారుచేయాలని కలలు కనేవాళ్లకి ఇలాంటివే ఆధారం.

మరి బకెట్లు కూడా వెలుగుతోనే చేస్తారా? చేయరు. వాటికి వేడే చాలు, చవక కూడా. పైగా వెలుగుకి పుట్టుకతోనే ఓ లోపం ఉంది. పంటి గుంతలో రెండు మిల్లీమీటర్లకే అలిసిపోయేది, వేల లీటర్ల ట్యాంకు అడుగుదాకా ఏం వెళుతుంది? గోడ పక్కనున్న ద్రవమే వెలుగంతా తాగేస్తుంది. నడిమధ్యన చీకటే. ట్యాంకు పెద్దది చేసేకొద్దీ చీకటీ పెద్దదవుతుంది. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు ట్యాంకును వదిలేసి సన్నటి గొట్టాన్ని పట్టుకున్నారు. పారదర్శకమైన గొట్టాన్ని దీపం చుట్టూ చుట్టలు చుట్టలుగా చుట్టేస్తారు. ఒక చివర మోనోమర్ ద్రవాన్ని పంపుతో నెడతారు. చుట్టంతా తిరిగి వచ్చేసరికి ప్రతి చుక్కకీ సమానంగా వెలుగు అందుతుంది. రెండో చివరన పట్టుకున్న సీసాలోకి పాలిమర్ చిక్కగా జారుతుంది.